ఇంటిల్లిపాదీ ఇంకుడు గుంత దగ్గర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సేవ గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకెందుకు గానీ, హైదరాబాదులో మా కాలనీలో మేం ఇంటిల్లిపాదీ కొన్నేళ్లుగా చేస్తున్న ఒక పని గురించి చెబుతాను. ఇంకుడు గుంతలు శుభ్రం చేయడం. తవ్వడం కాదండీ, శుభ్రం చేయడం.

2000లో ఉమ్మడి రాష్ట్రంలో 'నీరు-మీరు' వచ్చింది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. ఇంకుడు గుంత అంటే ఏమిటో ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. తవ్విన రోజు కొబ్బరికాయ కొడతారు, ఫొటో దిగుతారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్లుండరు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద 40 ఎం.ఎం. కంకర, ఆపైన 20 ఎం.ఎం. కంకర, అన్నిటికన్నా పైన దొడ్డు ఇసుక. వాన నీటితో వచ్చిన మట్టి ఆ ఇసుకలో పేరుకుని, కొన్ని వానాకాలాలకు గుంత మూసుకుపోతుంది. నీళ్లు రోడ్డు మీదికి పోతాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు! ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసేవాళ్లకు ఈ లెక్క నేను వివరించనక్కర్లేదు.

మొదట్లో నేనొక్కణ్ణే ఇంటింటికీ వెళ్లేవాణ్ణి. "చందా ఎంతండీ?" అని గేటు దగ్గరే ఆపేవారు. ఒకాయనైతే కార్పొరేటర్‌గా నిలబడుతున్నారా అని అడిగాడు. మా అమ్మ వెంట వచ్చిన ఆదివారం నుంచి గేట్లు తెరుచుకున్నాయి. ఆవిడ తట్ట ముట్టదు. కుర్చీ వేయించుకుని ఆ ఇంటి కోడలితో మాట్లాడుతుంది, అంతే. బట్టలుతికిన సబ్బు నీళ్లు ఆ గుంతలోకే వదులుతున్నారన్న సంగతి ఆ మాటల్లోనే బయటపడుతుంది. ఏ ఇంజనీరు తనిఖీలోనూ ఇది తెలియదు.

మా ఆవిడ నోటుపుస్తకం రాస్తుంది: ఏ ఇల్లు, ఎప్పుడు చేశాం, ఇసుక ఎంత పట్టింది. పైనున్న ఇసుక తోడి, జల్లెడ పట్టి, కడిగి, మళ్లీ పోయడం నాదీ, మా అబ్బాయిదీ. లోతు గుంతల్లోకి మాత్రం పిల్లల్ని దిగనివ్వం. మా అమ్మాయి పని నాకు భలే నచ్చుతుంది. శుభ్రం చేయక ముందు ఒక బకెట్ నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో వాచీ చూసి రాస్తుంది. చేశాక మళ్లీ పోస్తుంది. ఇంటివాళ్లు ఆ రెండంకెలూ చూశాక నా ఉపన్యాసంతో పనుండదు.

మా అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పుడు, "నాన్నా, దీనికి సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాడు. ఇవ్వరురా అన్నాను. మూడు ఆదివారాలు రాలేదు. చదువుకునే పిల్లాడికి ఈ మట్టి పనేమిటని బంధువులు కూడా వాడివైపే మాట్లాడారు. నేను బలవంతం చేయలేదు. నాలుగో వారం పక్కవీధి రిటైర్డ్ మాస్టారు మా ఇంటికే వచ్చి, "మీవాడు లేకుండా మా ఇసుక ఎవరు జల్లిస్తారయ్యా?" అన్నారు. వాడు లోపల్నుంచి విన్నాడు. చెప్పులేసుకుని ఆయన వెంట వెళ్లాడు. నేనేం చెప్పినా అలా కదిలేవాడు కాదు. పిల్లలకు మనం అప్పగించే పని నిజంగా ఎవరికో అవసరమైనదై ఉండాలి. ఉత్తుత్తి పని అయితే వాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇక మన బడి సంగతి. పొద్దున సభకు ముందు వెనక వైపు వెళ్లి చూశాను. డాబా నీళ్లు దించే గొట్టం కింద ఒక గుంత ఉంది. దాంట్లో గడ్డి మొలిచింది. మృగశిర కార్తె లోపల దాన్ని బాగుచేయాలి. మే నెల రెండో ఆదివారం, పొద్దున ఆరింటికి. ఎండెక్కేలోపు అయిపోతుంది. ఒక్కరూ రాకండి, ఇంట్లోవాళ్లను తీసుకురండి. అమ్మానాన్నలు రాగలిగితే వాళ్లను కూడా, కుర్చీలు వేయిస్తాం. గడ్డపారలు, జల్లెడలు నేను తెస్తాను. తట్టలు మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లు చూడాలి.