మండువా లోగిలి – మన వారసత్వము



గ్రంథాలయ రజతోత్సవ వేళ గ్రంథములను గూర్చి మాటలాడుట పరిపాటి. నేను ఇంటిని గూర్చి మనవి చేయుదును.

గోదావరి, కృష్ణా తీరములందలి మండువా లోగిళ్లు మన పెద్దల జీవనమును తెలుపుచున్నవి. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, చుట్టును వసారాలు. పెంకులపై పడిన వాన మండువాలోనికి జారి తూము ద్వారా వెలుపలికి పోవును. చుట్టునున్న గదులకు గాలియు వెలుతురును అందును. ధాన్యమునకు గాదె, బాటసారికి వీధి అరుగు, ఉమ్మడి కుటుంబమునకు లోగిలి – అందరికిని చోటు కలదు.

వాటాలు పడిన పిదప మరమ్మతు భారమై, టేకు స్తంభములను, చెక్కడపు గుమ్మములను విప్పి అమ్ముచున్నారు. 1958 నాటి కేంద్ర చట్టము నూరేండ్లు నిండిన కట్టడములలో జాతీయ ప్రాముఖ్యము కలవిగా ప్రకటింపబడిన వానినే కాపాడును. తక్కిన వానికి మనమే దిక్కు.

ఏటేటా తొలకరికి ముందు పగిలిన పెంకులు మార్పింపవలెను. ఒక్క సందున దిగిన నీరు వాసమును, పిదప దూలమును పుచ్చజేయును. సున్నపు గోడకు సిమెంటు పూయరాదు. చెమ్మ లోపలనే నిలిచి గోడ చెడును. కూల్చక తప్పనిచో ముందుగా కొలతలు, ఛాయాచిత్రములు తీయించి ఈ గ్రంథాలయమున భద్రపరచుడు. చినిగిన పుస్తకమునకు మరియొక ప్రతి దొరకవచ్చును. కూలిన లోగిలికి దొరకదు.