వేసవి సెలవులు - గ్రంథాలయం - తెలుగు అక్షరం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు పాఠశాల పండుగలో పౌర గ్రంథాలయం ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చును. డెబ్బది ఐదేండ్లు నిండిన ఈ పాఠశాల వయస్సు, ఈ రాష్ట్రపు గ్రంథాలయ చట్టం వయస్సు దాదాపు సమానమే. స్వతంత్ర భారతదేశంలో మొట్టమొదటి గ్రంథాలయ చట్టం 1948లో మదరాసు రాష్ట్రంలో వచ్చినది. దాని వెనుక ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ గారి చిరకాల కృషి ఉన్నది. ఆనాటి మదరాసు రాష్ట్రంలో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు రెండు జిల్లాలూ ఉండేవి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు ఆ చట్టమే చేసినది. వేలూరులో గాని, గుడియాత్తంలో గాని సొంత ఇల్లు ఉన్నవారు తమిళులైనా, తెలుగువారైనా, ఉర్దూ మాట్లాడేవారైనా ఆ పన్ను చెల్లిస్తూనే ఉన్నారు. రసీదులోని ఆ పంక్తిని గమనించేవారు మాత్రం అరుదు. పన్ను చెల్లించడం అలవాటైనంతగా పుస్తకం అడగడం తెలుగువారికి అలవాటు కాలేదు.

సెలవులలో పిల్లల చదువు ఏమవుతున్నదనే ప్రశ్నను బార్బరా హైన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని అట్లాంటా నగరంలో పరిశీలించారు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు సుమారు మూడు వేలమందిని గమనించి 1978లో ఆమె ఒక గ్రంథం ప్రకటించారు. వేసవిలో ఆరు పుస్తకాలో, అంతకు మించియో చదివిన పిల్లలు చదవనివారికంటె ముందడుగు వేసినట్లు అందులో తేలినది. సెలవులలో పిల్లల తెలివి పెరగడానికి పౌర గ్రంథాలయం ఎంతగానో తోడ్పడుతున్నదని కూడా ఆమె గుర్తించారు.

అయితే అట్లాంటా పిల్లలు చదివినది వారి ఊరి భాషనే. వీధిలోని బోర్డు మీద, బస్సు మీద, మందుల చీటీ మీద వారికి కనబడేవి ఆ అక్షరాలే. గుడియాత్తంలోని తెలుగు పిల్లవాని స్థితి వేరు. బడి మూసిన నాటి నుండి మరల తెరిచే దాకా తెలుగు లిపి వాని కంటబడే చోటు చాలా తక్కువ. మాటకు లోటు లేదు. అవ్వతో, అమ్మతో రోజంతా తెలుగే. అక్షరమే దూరమవుతున్నది. తమిళాన్ని తప్పనిసరి పాఠ్యభాషగా చేసిన 2006 నాటి చట్టం ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క తరగతికి వ్యాపించి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. భాషా అల్పసంఖ్యాకుల వ్యాజ్యాలు న్యాయస్థానాల దాకా వెళ్లినవి. ఆ వాదాలు ఎట్లున్నా, ఇక్కడ పుట్టి ఇక్కడ బ్రతుకవలసిన పిల్లలకు తమిళం చక్కగా రావలసినదే. అందులో రెండవ మాట లేదు. కాని తమిళం, ఆంగ్లం రెండింటి నడుమ తెలుగుకు మిగిలిన సమయం కొద్దిపాటిది. ఆ కొద్దిపాటి చదువు కూడా మే నెల కత్తిరి ఎండలలో ఆవిరియైపోతే, జూన్‌లో ఉపాధ్యాయులు గుణింతాలకు తిరిగి వెళ్లవలసి వస్తున్నది.

సరిహద్దుకు ఆవల పరిస్థితి చూడదగినది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్నవి. కథలు చదివించడం, చదివిన దానిని చెప్పించడం, బొమ్మలు వేయించడం, చదరంగం వంటివి అందులో ఉంటాయి. వేలూరుకు చిత్తూరు సుమారు 35 కిలోమీటర్లే. అక్కడి శిబిరాన్ని ఇక్కడి ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు ఒక పూట చూసి వచ్చినా మేలే. అయితే వాటిని ఉన్నవి ఉన్నట్లు ఇక్కడికి దించుకోనక్కరలేదు. చిన్నపిల్లలకు కథ చెప్పితే చాలును. పదమూడు, పదునాలుగేండ్ల వారికి చాలదు. "ఇంకా మమ్మల్ని చిన్నపిల్లలనుకొంటున్నారు" అని వారు ముఖం తిప్పుకొంటారు. వ్యాసరచన పోటీ పెట్టి స్టీలు గిన్నె బహుమతిగా ఇచ్చే పద్ధతి కూడా వారిని పుస్తకానికి దగ్గర చేసినట్లు లేదు. వారికి బాధ్యత గల పని ఒకటి అప్పగించవలె.

అటువంటి పని గుడియాత్తంలో మగ్గం దగ్గరనే ఉన్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వెలువడినది; 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం. ఊరూరా తిరిగి, పనివారి నోట విని, వ్రాసుకొన్న మాటలవి. ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగినది. సరిహద్దుకు ఈవల, తమిళంతో కలిసి బ్రతికిన తెలుగు నేతవారి మాటలు అందులో వెదకినా దొరకవు. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు అనే మాటలు తాతగారి నోట ఇంకా ఉన్నవా, లేక పడుగుకు 'పావు' అనీ, పేకకు 'ఊడై' అనీ తమిళ మాటలే స్థిరపడినవా? లుంగీలు నేసే ఊరిలో ఈ ప్రశ్నకు సమాధానం వ్రాయగలవారు తొమ్మిదవ తరగతి పిల్లలే. ఉదయం మగ్గం ఎరిగిన పెద్దల వద్ద కూర్చుని మాటలు వ్రాసుకొనడం, ఎండవేళ గ్రంథాలయంలో పదకోశంతో సరిచూడడం, దానిలో లేని మాటను వేరుగా గుర్తించడం - నలభై దినాల సెలవుకు ఇది సరిపడిన పని. మగ్గాలు తగ్గిపోతున్నవి, వాటితో ఆ మాటలూ పోతున్నవి. పదేండ్ల తరువాత చేయాలనుకొంటే చెప్పేవారు ఉండరు.

వేలూరు పిల్లలకు కోట ఉన్నది. 1806 జూలై 10 నాటి సిపాయిల తిరుగుబాటును గురించి చదివి, ఆ తరువాత కోటలో నడిస్తే రాళ్లు వేరుగా కనబడతాయి.

తమిళ మిత్రులను దూరంగా ఉంచవలసిన పని లేదు. చందమామ 1947 జూలైలో మదరాసు నుండి తెలుగులోను, అంబులిమామాగా తమిళంలోను వెలువడినది. 2013 నాటికి ఆ పత్రిక నిలిచిపోయినా, పాత సంపుటాలు పూర్వ విద్యార్థుల ఇండ్ల అటకల మీద తప్పక ఉంటాయి. ఒకే కథను ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో పైకి చదివితే ఇద్దరి చెవులకూ పండుగే. గ్రంథపాలకులకు కూడా అటువంటి సభకు చోటివ్వడం సులభం. తమిళనాడు గ్రంథాలయాలకు అనుబంధంగా 'వాసగర్ వట్టం' అనే పాఠకుల బృందాలు ఉన్నవి. తెలుగు తల్లిదండ్రులు వాటిలో చేరితే, మాట చెల్లుబాటు అవుతుంది.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. సెలవు అనగానే ఇంటిపని వారి మీద పడుతున్నది. ఒంటరిగా పంపడానికి పెద్దలు సంకోచిస్తున్నారు. నలుగురైదుగురు ఒక జట్టుగా, ఒక తల్లి తోడుగా, నిర్ణీత వేళకు వెళ్లే ఏర్పాటు వీధికొకటి చేసుకొంటే ఆ చిక్కు తీరుతుంది.

ఇక పుస్తకాల సంగతి. అడిగేవారు లేని భాషకు ఏ గ్రంథాలయంలోనూ బీరువా పెరగదు. అర్జీలో 'తెలుగు పుస్తకాలు కావలెను' అని మాత్రం వ్రాస్తే ఫలం లేదు. గ్రంథకర్త పేరు, ప్రచురణకర్త పేరు, వెల చూపించి, చదివే పిల్లల సంఖ్య తెలిపి, జాబితాగా ఇవ్వవలె. మే నెలలో అడిగిన పుస్తకం ఆ వేసవికి అందదు. కనుక అర్జీ జనవరిలోనే చేరవలె, సభ్యత్వ పత్రాలు ఏప్రిల్ పరీక్షలకు ముందే పూర్తి కావలె. ఆ జాబితా తయారుచేసే దినాన ఉపాధ్యాయులు పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకొనడం మంచిది. పెద్దలు మాత్రమే ఎంచిన పుస్తకాలు ఏండ్లు గడిచినా అట్ట నలగకుండా కొత్తవిగానే ఉండిపోవడం ఎన్నో బడుల బీరువాలలో కనబడుతున్నదే.