కాటన్ దొర కూతురు చెప్పిన డార్విన్ కథ



సైన్సు, క్రైస్తవ దృక్పథం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే అందరూ ఇటలీకి, గెలీలియో దగ్గరికి పోతారు. పెద్దాపురంలో నిలబడి అంత దూరం ఎందుకండీ? ధవళేశ్వరం వెళ్ళొద్దాం.

అక్కడ గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ గట్టి భక్తుడు. గుంటూరు కరువు మొదలు వరసగా వచ్చిన కరువులకీ తుపాన్లకీ ఈ గోదావరి ప్రాంతం కుదేలైపోయిన రోజుల్లో, 1844లో అతను గోదావరిని పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. దేవుడిచ్చిన నీరు కళ్ళెదుటే సముద్రం పాలవుతుంటే ఒడ్డున జనం ఆకలితో చావడం అతని విశ్వాసానికి మింగుడుపడలేదనుకుంటాను. 1847లో పని మొదలుపెట్టారు, 1852కి ఆనకట్ట లేచింది.

అయితే ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు అతను బైబిలు తిరగేయలేదు. ఆ జవాబు అంతకుముందే కావేరి మీద, చోళుల నాటి కల్లణై దగ్గర దొరికింది. లోతు తెలియని ఇసుకలో రాళ్ళు కుమ్మరిస్తారు. ప్రవాహం అడుగు కోసేకొద్దీ అవి దిగిపోతాయి. పైన మళ్ళీ రాళ్ళు వేస్తారు. చివరికి ఒకచోట ఇక కదలవు. ఈ విద్య పాత కాలపు మన పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నానని కాటన్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. ఎందుకు కట్టాలో అతని భక్తి చెప్పింది. ఎలా కట్టాలో ఇసుక చెప్పింది, అన్యమతస్థుల కట్టడం చెప్పింది. రెండూ వినడానికి అతనికి ఇబ్బందేమీ కలగలేదు.

అసలు కథ ఇప్పుడు వస్తుంది. 1842లో టాస్మేనియాలో పుట్టిన అతని కూతురు ఎలిజబెత్, పెళ్ళయ్యాక లేడీ హోప్ అయింది. తాగుడు మాన్పించడానికి ఊళ్ళు తిరిగిన మనిషి. 1900లో తండ్రి జీవిత చరిత్ర వెలువరించింది. కాటన్ గురించి మనం చెప్పుకునేవాటిలో చాలా భాగం ఆవిడ చలవే. 1915లో అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో ఆవిడ చెప్పిన ముచ్చట ఒకటి అచ్చయింది. ముసలి డార్విన్ మంచం మీద బైబిల్లోని హెబ్రీయులకు రాసిన పత్రిక చదువుకుంటున్నాడట. కుర్రతనంలో ఏవో ఊహలు వదిలితే జనం వాటినే మతం చేసుకున్నారని బాధపడ్డాడట. తోటలో క్రీస్తు గురించి చెప్పమని ఆవిడను అడిగాడట. నోటా నోటా పడి అది డార్విన్ చావు మంచం మీద పరిణామవాదాన్ని వదులుకున్నాడనే దాకా పోయింది.

డార్విన్ పోయింది 1882 ఏప్రిల్ 19న. కథ బయటికి వచ్చింది ముప్పై మూడేళ్ళకు! 1922లో ఆయన కూతురు హెన్రియెట్టా గట్టిగా ఖండించింది. చివరి రోజున తాను పక్కనే ఉన్నానని, లేడీ హోప్ ఆయన ఏ జబ్బులోనూ దగ్గర లేదని, తండ్రి తన సిద్ధాంతాన్ని ఎన్నడూ వెనక్కి తీసుకోలేదని రాసింది. లేడీ హోప్ ఎప్పుడో ఒకసారి డార్విన్‌ని చూసి ఉండొచ్చనే చరిత్రకారులూ ఉన్నారు. ఉండొచ్చు.

నాకు బాధ కలిగించేది అబద్ధం ఒక్కటే కాదు, అది అక్కర్లేకపోవడం. తండ్రి తన నమ్మకానికి గోదావరిని సాక్ష్యం అడగలేదు. కూతురు డార్విన్ చేత సంతకం పెట్టించుకోవాలనుకుంది. ఆయన నిజంగానే మాట మార్చుకున్నా శిలాజాలు మాట మార్చుకుంటాయా? పోనీ, భక్తుడి సాక్ష్యమే కావాలంటే హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే ఉన్నాడు, నిష్ఠగల ప్రెస్బిటేరియన్. డార్విన్ పుస్తకం అమెరికాలో అచ్చు కావడానికి పూనుకున్నదీ, పత్రికల్లో దాని తరఫున వాదించిందీ ఆయనే. ఆయన్ని మన ప్రసంగాల్లో ఎవరూ తలవరు, ఎందుకో మరి.

లూథరన్ బడిలో చదువుకున్నవాళ్ళు, పాస్టరుగార్లు ఈ సభలో ఉన్నారు. అయ్యా, సువార్త కూటంలో డార్విన్ పేరు ఎత్తాలనిపిస్తే నిలబడే సంగతి ఒకటి ఉంది. ఆయన ఊరు డౌన్‌లో ఫెగాన్ అనే సువార్తికుడు తాగుబోతులను మార్చడానికి కూటాలు పెడుతుంటే, ఊరి పఠనమందిరాన్ని వాటికి ఇప్పించింది డార్వినే. లేడీ హోప్ కథ నిజం కాదన్నవాళ్ళలో ఆ ఫెగాన్ కూడా ఉన్నాడు.