ఒక మోపు కట్టె ఎంతసేపు మండవలెను?

(జహీరాబాదులో పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామసభలలో బాట, నీరు, వీధిదీపము మున్నగు విషయములు తరచుగా చర్చకు వచ్చును. పొయ్యి మాత్రము చర్చకు రాదు. అది ఇంటిలోని వ్యవహారమనియు, ఆడవారి పనియనియు మనము ఊరకుందుము. కాని పొయ్యిలో మండు కట్టె ఊరి చెట్టునుండి వచ్చినది. దానిని మోసినది ఊరి స్త్రీ. దాని పొగ చేరినది ఊరి బిడ్డల ఊపిరితిత్తులలోనికి. అట్టి విషయము పంచాయతీది కాదనుట ఎట్లు?

1999లో దీపము పథకమువలనను, 2016లో ఉజ్జ్వల పథకమువలనను అనేక గృహములకు గ్యాసు చేరినది. గ్యాసు ఉన్నచోట దానిని వాడుటయే ఆరోగ్యమునకు మేలు; ఇందులో సందేహము లేదు. అయినను స్నానమునకు నీళ్ళు కాచుటకును, పశువులకు దాణా ఉడికించుటకును, పెండ్లిళ్ళలో వంటకును, సిలిండరు తీరినప్పుడును కట్టెపొయ్యి వెలుగుచునే యున్నది. వెలుగునంతకాలము అది తక్కువ కట్టెతో ఎక్కువసేపు మండవలెనని కోరుట న్యాయము. అది ఎట్లు సాధ్యమో నేడు మేము మనవి చేయదలచితిమి.

ముందుగా ఒక అపోహను తొలగించుకొందము. కట్టె ఎక్కువసేపు మండుటయనగా పొగలు చిమ్ముచు కుములుట కాదు. పచ్చికట్టెను పెట్టి, గాలిని పూర్తిగా మూసివైచినచో మూడు గంటలు కుమిలినను పప్పు ఉడకదు. పైగా ఇల్లంతయు పొగ నిండును. వేడి పాత్రకు చేరుచు, మంట నిలిచియుండుటయే నిజమైన దీర్ఘకాలపు మంట.

కట్టె మండు విధమును గమనింపుడు. ఎండిన కట్టె బరువులో దాదాపు ముప్పాతిక వంతు వేడికి వాయురూపమున వెలువడును. మనము చూచు మంట ఆ వాయువులు మండుటయే. మిగిలిన వంతు బొగ్గై, నిప్పుకణికలుగా నిదానముగా మండును. పొయ్యి చల్లబడినచో ఆ వాయువులు మండక పొగగా బయటికి పోవును. అనగా పొగయనునది మండని కట్టెయే. మనము తలమీద మోసి తెచ్చిన సొత్తు ఆ విధముగా గాలిలో కలియుచున్నది.

కావున మొదటి నియమము: కట్టె ఎండవలెను. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరుండును. పది కిలోల పచ్చికట్టెలో ఐదు కిలోల నీరున్నదనుకొందము. ఆ నీటిని ఆవిరి చేయుటకే సుమారు ముప్పావు కిలో ఎండుకట్టె ఇచ్చు వేడి ఖర్చగును. దానికి మించిన నష్టము మరియొకటి కలదు. ఆ తడి మంటను చల్లార్చుటచే వాయువులు మండక పొగయై పోవును. తడికట్టెను తూకమున కొనుట నీటికి వెల కట్టుటయే యని పాఠశాల వంటలకు కట్టె కొనువారు గుర్తుంచుకొనవలెను.

ఎండబెట్టుటకు మన ప్రాంతపు ఎండ చాలును. చలికాలమున కొట్టిన కట్టెను అప్పుడే చీల్చవలెను. బెరడు మూసిన మొద్దునుండి తేమ త్వరగా పోదు. రాళ్ళమీద దుంగలు పరచి, నేల తగులకుండ, నడుమ గాలి ఆడునట్లు పేర్చవలెను. వేసవి అంతయు ఎండనిచ్చి, మృగశిర కార్తెకు ముందే పైకప్పు క్రిందికి చేర్చవలెను. పైన మాత్రమే కప్పి, ప్రక్కలు తెరచియుంచవలెను. ఎండిన కట్టె చివరలు పగుళ్ళు దేరియుండును. రెండింటిని కొట్టినచో ఖంగుమని మ్రోగును. మండునప్పుడు చివరనుండి నురుగు కారదు.

రెండవ నియమము: పనికి తగిన కట్టె. జొన్నరొట్టె కాల్చుటకు చురుకైన మంట కావలెను. దానికి కందికట్టె, పత్తికట్టె సరిపోవును. అవి త్వరగా అంటుకొని త్వరగా ఆరును. పప్పు ఉడుకుటకు, నీళ్ళు కాగుటకు నిలుకడగల నిప్పు కావలెను. దానికి తుమ్మ, సర్కారు తుమ్మ వంటి బరువైన కట్టె తగును. సన్నని పుల్లకు గాలి తగులు వైశాల్యము ఎక్కువ గనుక అది త్వరగా తీరును. లావుపాటి ముక్క నిదానముగా మండును. కందికట్టెతో అంటించి, రెండు మూడు తుమ్మముక్కలను దగ్గరదగ్గరగా, వ్రేలెడు సందుతో పెట్టుడు. ఒంటరి మొద్దు ఆరిపోవును. ముక్కలు ఒకదాని వేడితో మరియొకటి మండును. కొన కాలినకొలది లోనికి జరుపుచుండవలెను గాని, ఒక్కసారే పొయ్యినిండ కుక్కరాదు.

మూడవ నియమము: గాలిని అదుపులో నుంచుట. అంటించునప్పుడు గాలి ధారాళముగా పోవలెను. మంట పట్టుకొని నిప్పుకణికలు ఏర్పడిన తరువాత కొంచెముకొంచెముగా తగ్గింపవలెను. మంట కనబడునంతవరకే తగ్గింపవలెను. పొగ లేచినచో మరల తెరువవలెను. పొయ్యి నోరు మిక్కిలి వెడల్పైనచో చల్లగాలి జొరబడి వేడిని కొనిపోవును. కట్టె క్రింద ఇనుపజాలి యుంచినచో నిప్పుకు అడుగునుండి గాలి అందును. పాత్రకు మూత పెట్టుటవలన కూడ ఎంతో కట్టె మిగులును.

ఈ నియమములు మన పొయ్యికే పరిమితము కావు. చలిదేశములలో గోడలో కట్టిన అగ్గిగూటిలో కట్టె కాల్చుదురు. తెరచిన గూటిలో వేడి చాలవరకు పొగగొట్టము వెంబడి పోవుటచే, ఆ గూటిలో తలుపుగల ఇనుప పెట్టెను అమర్చుకొనుట వాడుకలోనికి వచ్చినది. ఆ పెట్టెలో కట్టె ఎక్కువసేపు మండవలెనన్న వారును ఎండిన కట్టెనే వాడుదురు. లావు ముక్కలను దగ్గరగా పేర్చుదురు. అంగుళమెత్తు బూడిదపై నిప్పును నిలుపుదురు. మంట పట్టిన పిదప గాలి రంధ్రమును క్రమముగా తగ్గింతురు. దేశము వేరైనను అగ్ని ధర్మము ఒక్కటియే.

మన ప్రాంతమునకు ఈ విజ్ఞానము దూరపుది కాదు. జహీరాబాదునకు సుమారు వంద కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదులో, ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధ్యక్షులైన డాక్టరు ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో కోట్లాది జనుల వంటయిండ్లను గూర్చి ఇంగ్లీషున పుస్తకము ప్రకటించిరి. ఒకే మంట ఒకటికి మించిన పాత్రలను వేడిచేయుటయు, పొగ గొట్టముద్వారా ఇంటిబయటికి పోవుటయు ఆ మట్టిపొయ్యి లక్షణములు.

తరువాత 1983లో కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల కార్యక్రమమును ఆరంభించినది. 2002లో దానిని రాష్ట్రములకు అప్పగించు నాటికి దేశమున 3 కోట్లకు మించిన పొయ్యిలు నిర్మింపబడినవి. అయినను వానిలో ఎన్నో పగిలి, గొట్టములు మసితో పూడి, మూలబడినవి. ఒడిశా గ్రామములలో ఆర్థికశాస్త్రవేత్తలు అనేక సంవత్సరములు జరిపిన పరిశీలనలోను ఇదియే తేలినది: మొదటి సంవత్సరము స్త్రీలు పీల్చు పొగ తగ్గినది, మరమ్మతు, వాడుక తగ్గినకొలది ఆ మేలు నిలువలేదు. పొయ్యిని కట్టుటతో పని ముగియదు. దానిని కనిపెట్టియుండు మనిషి కావలెను. ఇచ్చటనే పంచాయతీ అవసరము కలుగుచున్నది.

ఇక ప్రాణాపాయమును గూర్చి ఒక్కమాట. రాత్రి నిప్పును బూడిదతో కప్పియుంచి, తెల్లవారి దానితోనే పొయ్యి రాజేయుట మన పెద్దల అలవాటు. అది ఆరుబయటి పొయ్యిలో మంచిదే. కాని మన పొరుగున గల కోహీరు చలికాలమున రాష్ట్రములోని మిక్కిలి చల్లని తావులలో ఒకటిగా పలుమార్లు నమోదగుచున్నది. అట్టి రాత్రులందు కొందరు నిప్పుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు బిగించుకొని పరుందురు. ఇది ఎన్నడును చేయరాదు. కుములు నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనున్నవానికి తెలియకయే ప్రాణము తీయును. నిప్పు ఎక్కువసేపు నిలుచుట మేలే. మనుషులు పరుండిన మూసిన గదిలో నిలుచుట మృత్యువే.

వంటయింటి పొగకూడ చిన్న శత్రువు కాదు. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క కట్టినది. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని పొయ్యి ఊదు తల్లిని తలచుకొన్నచో ఈ సంఖ్యకు అర్థము తెలియును.

కావున పంచాయతీ సభ్యులు ఈ అయిదు పనులు చేపట్టవలెనని మా ప్రార్థన.

1. కట్టెలతో వండు పాఠశాల, అంగన్‌వాడీలు ఉన్నచోట, ప్రక్కలు తెరచిన చిన్న పాకనొకదానిని వేయించి, వానకాలపు కట్టెను వేసవిలోనే కొని ఎండబెట్టింపుడు.

2. ఊరిలో పొయ్యిపని తెలిసిన స్త్రీనో పురుషునో ఒకరిని గుర్తించి, మూడు నెలలకొకసారి పొగగొట్టముల మసి తీయుటకును, పగుళ్ళు మెత్తుటకును తగిన కూలి ఇచ్చి నియమింపుడు.

3. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి పంచాయతీకి నర్సరీ ఉండవలెనని విధించినది. అందు నీడచెట్లతోపాటు వంటచెఱకునకు పనికివచ్చు మొక్కలకును చోటియ్యుడు.

4. చలికాలము రాకముందే గ్రామసభలో కుంపటి ప్రమాదమును గూర్చి చెప్పి, దండోరా వేయింపుడు.

5. గ్యాసు కనెక్షను లేని ఇండ్ల జాబితాను తయారుచేసి, దరఖాస్తుకు తోడ్పడుడు.

ఇందు పెద్ద వ్యయముతో కూడినది లేదు. ఒక పాక, కొంత మట్టి, ఒక ఇనుపజాలి, కొంచెము శ్రద్ధ చాలును. మోపుకట్టె ఒకటిన్నర పూటకు బదులు రెండు పూటలకు వచ్చినచో, నాలుగు మోపులు తెచ్చు ఇల్లాలికి ఒక మోపు తప్పును. ఆ మోపు బరువు ఎంతయో మోసిన తలకే తెలియును. ఆ బరువును దింపు పుణ్యము మీ పంచాయతీకి దక్కుగాక.