వసతి గృహమునందు గృహస్థ ధర్మము
(ఆలయ జీర్ణోద్ధరణ సమయమున, బాలాలయ సన్నిధిలో జరిగిన భక్త సమావేశమునందు అర్చకులు చేసిన ప్రసంగ పాఠము)



జీర్ణోద్ధరణకు మీరు చేయుచున్న ద్రవ్య సహాయమును, శ్రమదానమును గూర్చి కార్యవర్గము వారు ఇంతకు మున్నే విన్నవించిరి. నేను ఈ సాయంకాలము, అమెరికాకు క్రొత్తగా వచ్చిన దంపతులతో నాలుగు మాటలు చెప్పదలచితిని. అట్టివారు వెనుక వరుసలలో కూర్చుండుట చూచుచున్నాను. ముందునకు రండి, నాయనా.

"శ్రావణమాసము కదా, వ్రతము ఇంటిలో చేసికొనరాదా?" అని అడిగినచో నాకు తరచుగా వచ్చు సమాధానము ఒకటే: "అద్దె ఇల్లు కదండీ, సొంత ఇల్లు కొన్నాక చేసుకుంటాము." పిదప గ్రీన్ కార్డు రావలెనందురు. మన దేశమున పుట్టినవారికి ఆ నిరీక్షణ ఏండ్ల తరబడి సాగునని మీకే బాగుగ తెలియును. అంతవరకు దీపము వెలిగింపక, తెచ్చిన పెట్టెలు పూర్తిగ విప్పక కాలము గడపుట గృహస్థాశ్రమ మగునా?

సంకల్పమును ఒకమారు శ్రద్ధగా వినుడు. మన ఊరిలో శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో చెప్పుదుము. ఇచ్చట అది పొసగదు. కనుక క్రౌంచ ద్వీపము, రమణక వర్షము, ఐంద్ర ఖండము అని చెప్పు సంప్రదాయము ఈ దేశపు ఆలయములలో ఏర్పడినది. అటుపిమ్మట ఇంటి మాట వచ్చును. సొంత ఇల్లయినచో 'స్వగృహే' అనియు, అద్దె ఇల్లయినచో 'వసతి గృహే' అనియు చెప్పవలెను. అద్దె ఇంటికి సంకల్పముననే చోటున్నప్పుడు, మనకేల సంకోచము?

అంతయేల, స్వామిని చూడుడు. మూలమూర్తి యందలి కళలను కుంభమునకు ఆకర్షించి, ఈ బాలాలయమునకు వేంచేపు చేసితిమి. ఇది చిన్న గది. వాన కురిసిన చప్పుడు మంత్రమును మించును. అయినను ఒక్క పూట నివేదన తప్పలేదు.

తిథుల విషయమున ఒక చిక్కు కలదు. అమ్మగారు హైదరాబాదు నుండి ఫోనులో చెప్పిన దినముననే పండుగ చేయుట సరికాదు. తూర్పు తీరపు కాలము భారత కాలమునకు శీతకాలమున 10½ గంటలు, వేసవిలో 9½ గంటలు వెనుకబడి యుండును. అచ్చట మంగళవారము ఉదయము 8 గంటలకు ముగియు తిథి, ఇచ్చట శీతకాలమున సోమవారము రాత్రి 9:30కే ముగియును. కావున ఈ ఊరికి గణించిన పంచాంగమునే చూడుడు. అమ్మగారికి ఈ సంగతి మెల్లగా చెప్పుడు.

పాలు పొంగించుటకు విద్యుత్ పొయ్యి చాలును. దీపము విషయమున మాత్రము జాగ్రత్త వహింపుడు. ఇవి కొయ్య ఇండ్లు. పొగను పసిగట్టి కూయు యంత్రము పైకప్పున ఉండును. అద్దె ఒప్పందమున నిప్పును గూర్చి ఏమి వ్రాసిరో ముందుగ చదువుడు. చిన్న నేతివత్తి వెలిగించి, అది కొండెక్కు వరకు దగ్గర కూర్చుండిన చాలును.

ఇక భర్తలకు ఒక మాట. హెచ్-4 వీసాపై వచ్చిన భార్యకు, 2015 నాటి నియమము క్రింద అనుమతి పొందినవారికి తప్ప, ఉద్యోగము చేయు వీలు లేదు. బి.టెక్., ఎం.సి.ఎ. చదివిన బిడ్డ, కారు నడుపుట రాక, మంచు వలన వాకిలి దాటలేక, సాయంత్రము 5 గంటలకే చీకటి పడు ఇంటిలో మీ రాకకై ఎదురుచూచును. మీకు ఆఫీసున పదిమంది కలరు, ఆమెకు మీరొక్కరే. సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యమునకు వేయించుదుము. ఆ అడుగు వేసినవాడు ఇంటికి వచ్చి మరల కంప్యూటరు తెరచుట నాకు నచ్చదు. డ్రైవింగు నేర్పించుడు. శనివారము గుడికి తోడ్కొని రండి. ఇచ్చటి వంటశాలలో, పూలమాలల గదిలో ఆమెకు అక్కలు, పిన్నులు దొరకుదురు. అమ్మా, మీరును మొగమాటపడక పలుకరింపుడు. వారిలో పలువురు ఒకనాడు ఇట్లే వచ్చినవారే.

కుంభాభిషేకమున యాగశాల సంకల్పమునకు పేర్లు వ్రాసికొనుచున్నాము. క్రొత్త దంపతులు రుసుము గూర్చి యోచింపక, గోత్ర నక్షత్రములు నాకు చెప్పి వెళ్ళుడు. గోత్రము తెలియనివారు ఇప్పుడే ఇంటికి ఫోను చేయవచ్చును. అచ్చట తెల్లవారుచున్నది.