తపాలా పెట్టె ముందరి నాలుగడుగుల నేల

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కాళిదాస మహాకవి మేఘమును దూతగా చేసి యక్షుని సందేశమును పంపించెను. శ్రీనాథుని శృంగార నైషధమున హంస నలుని మాటను దమయంతికి చేర్చెను. పోతన భాగవతమున రుక్మిణి మనవిని అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుడు ద్వారకకు గొనిపోయెను. హనుమంతుడు సముద్రమునే దాటెను. ఈ దూతలలో పెక్కండ్రకు బాట బాధ లేదు. యక్షుడు మేఘమునకు దారి వర్ణించి చెప్పిన చాలెను. దారి బాగుచేయవలసిన పని లేకపోయెను. నేలపై నడచు దూత సంగతి వేరు. కావ్యములో దూతయైన ఆ మేఘమే, ఊరి బాటపై పోస్టుమానుకు మొదటి శత్రువు.

నేటి ప్రసంగ విషయము చిన్నది. బాట ప్రక్కనున్న తపాలా పెట్టె, ప్రకృతి ప్రతికూలించిన దినములలో గూడ, ఉత్తరము తెచ్చువానికిని, తీసికొనువానికిని సులభముగా అందునట్లు చేయుట యెట్లన్నదే ఆ విషయము. ఇరువదియైదేండ్లుగా పుస్తకమును పాఠకుని చేతికందించుచున్న గ్రంథాలయమునకు ఇది పరాయి విషయము కాదని తుదకు తేలగలదు.

ఇంటికొక పెట్టె చొప్పున బాట ప్రక్కన నాటు ఆచారము బాగుగా వేళ్లూనిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచటి పల్లెలు తెలుగు పల్లెలవంటివి కావు. ఇచట ఇండ్లు ఒకచోట గుమిగూడి యుండును. పొలములు ఊరి చుట్టు నుండును. అచట రైతు చాలచోట్ల తన పొలము నడుమనే ఇల్లు కట్టుకొనును. పట్టణములలో 1863వ సంవత్సరము నుండియే ఉత్తరములను ఇంటికి తెచ్చియిచ్చు ఏర్పాటుండగా, రైతు మాత్రము బండి కట్టుకొని పోస్టాఫీసునకు పోయి తన ఉత్తరములను తానే తెచ్చుకొనవలసి వచ్చెడిది. బాట చెడిన దినములలో ఆ ఉత్తరములు అచటనే పడియుండెడివి. తపాలాశాఖకు అధిపతిగా నుండిన జాన్ వానమేకరు ఈ లోపమును తీర్చవలెనని వాదించెను. అతని పదవీకాలము ముగిసిన పిమ్మట, 1896 అక్టోబరు 1వ తేదీన, పశ్చిమ వర్జీనియా రాష్ట్రములోని చార్లెస్‌టౌన్, హాల్‌టౌన్, యువిల్లా అను మూడు చోట్ల నుండి పల్లెలకు పంపిణీ ప్రయోగముగా ప్రారంభమయ్యెను. 1902లో అది శాశ్వతమైన ఏర్పాటయ్యెను.

ఆ ఏర్పాటునకు ఒక నిబంధన యుండెను. బాట నడువదగినదై యుండిన గాని పంపిణీ లేదు. ఉత్తరము ఇంటిదగ్గరకు రావలెనన్నచో, గోతులు పూడ్చి, వాగులపై తూములు వేసి, బాటను సిద్ధము చేసికొనవలెను. 1897 మొదలు 1908 వరకు స్థానిక ప్రభుత్వములు ఈ నిమిత్తమై వంతెనలకును, తూములకును, ఇతర మరమ్మతులకును సుమారు 7 కోట్ల 20 లక్షల డాలర్లు వెచ్చించినవని అంచనా. ఉత్తరము మీది ఆశ బాటను బాగుచేయించెను.

బాట కుదిరిన పిదప పెట్టె సంగతి వచ్చెను. మొదట రైతులు చేతికి దొరికినదెల్ల పెట్టెగా నిలిపిరి. కొందరు కొవ్వు నింపిన బాల్చీలను, కొందరు పాకపు గిన్నెలను, కొందరు సబ్బుపెట్టెలను, చుట్టపెట్టెలను బాట ప్రక్క గుంజలకు తగిలించిరి. కొన్నింటిలో పాత జిడ్డు పోనేలేదు. ఉత్తరములు తడిసెను; మరకలు పడెను. అందువలన 1901లో తపాలాశాఖవారు పెట్టెలకు నియమములు ఏర్పరచిరి. 1915లో ఆ శాఖలోని ఇంజనీరగు రాయ్ జోరోల్‌మన్ అనునాతడు ఒక నమూనా సిద్ధపరచెను. అడుగు చదునుగాను, పైభాగము బండిగూడువలె వంపుగాను ఉండు రేకు పెట్టె అది. వంపుగా నుండుటచే వాననీరు పైన నిలువదు. ముందర తలుపు, ప్రక్కను ఒక చిన్న జెండా. ఇంటివారు పంపదలచిన ఉత్తరమును లోపల పెట్టి జెండా ఎత్తుదురు; పోస్టుమాను దూరము నుండియే దానిని చూచి ఆగును. ఆ నమూనాపై ఎవరికిని ప్రత్యేక హక్కు నియ్యక, చేయదలచిన వారందరకును ఇచ్చిరి. నూరేండ్లు దాటినను నేటికిని ఆ బాటల ప్రక్క ఆ రూపమే కనబడుచున్నది.

కొలతలు గూడ నిర్ణయింపబడినవి. అచటి పోస్టుమాను బండి దిగకయే, కిటికీలోనుండి చేయి చాచి పెట్టె తెరచును. కావున పెట్టె అడుగు బాటమట్టమునకు 41 మొదలు 45 అంగుళముల ఎత్తున నుండవలెను. పెట్టె తలుపు బాట అంచునకు 6 మొదలు 8 అంగుళములు వెనుకకు నుండవలెను. గుంజ నాలుగంగుళముల చదరపు కొయ్యయో, రెండంగుళముల ఇనుపగొట్టమో అయిన చాలును. దానిని 24 అంగుళములకు మించి లోతుగా పాతరాదు. ఎంత గట్టిగా పాతిన అంత మేలని తోచును గదా! కాని అదుపు తప్పిన బండి వచ్చి తగిలినపుడు గుంజ విరిగిన పోవునది కొయ్య. గుంజ విరుగకున్న పోవునది ప్రాణము.

ఇంతవరకు అంతయు సులభమే. చిక్కు శీతకాలమున వచ్చును. తెలుగుదేశమున మంచనగా తెల్లవారుజామున గడ్డిపై మెరయు నీటిబొట్లే. అచటి ఉత్తరపు రాష్ట్రములలో మంచనగా, దూదిపింజలవలె రాలి, మోకాటిలోతున నేలను కప్పు హిమము. బాటపైనుండి దానిని తొలగించుటకు ముందర పెద్ద ఇనుపపార బిగించిన బండ్లు తిరుగును. ఆ బండి బాటను శుభ్రము చేయుచునే హిమమును ప్రక్కకు త్రోయును. ఆ ప్రక్కనే గదా పెట్టెలున్నవి! విసరుగా వచ్చిపడు హిమపు బరువునకు కొన్ని పెట్టెలు కూలును. నిలిచిన పెట్టెల ముందర గట్టువలె హిమము పేరుకొని, రాత్రికి రాయివలె గట్టిపడును. మరునాడు పోస్టుమాను వచ్చును. బాట బాగుండును, పెట్టె బాగుండును. కాని పెట్టె చేతికందదు. బండి దగ్గరకు చేరు వీలు లేనపుడు ఉత్తరమును తిరిగి పోస్టాఫీసునకు గొనిపోవు అధికారము అతనికి కలదు.

ఇచట విషయము యొక్క సారము కలదు. పెట్టె ఇంటివారిది, వారే కొని నాటుకొందురు. బాట ప్రభుత్వమువారిది, వారు శుభ్రము చేయుదురు. ఆ రెంటి నడుమనున్న నాలుగడుగుల నేల యెవరిది? భూమి లెక్కలు వ్రాయువారికి ఇట్టి నేల బాగుగా తెలిసినదే. అది లెక్కలో సర్కారుది, వాడుకలో అందరిది, బాగుచేయవలసి వచ్చినపుడు ఎవరిదియు కాదు. వేల మైళ్లు ప్రయాణము చేసి వచ్చిన ఉత్తరము ఆ నాలుగడుగుల దగ్గర ఆగిపోవును.

దానిని దాటుటకు అచటివారు కనిపెట్టిన ఉపాయములు సామాన్యమైనవే. మొదటిది పార. హిమము కురిసిన ఉదయమున పెట్టె ముందర మాత్రమే గాక, దానికి ఇరుప్రక్కల గూడ కొంత దూరము త్రవ్వివేయుదురు. బండి వెనుకకు నడువనక్కరలేక, వచ్చిన దారినే ముందునకు సాగిపోవుటకు చోటుండవలెను.

రెండవది చేయిగల గుంజ. గుంజను బాటకు దూరముగా నాటి, దానినుండి పొడుగైన చేతివంటి కొయ్యను బాటవైపునకు చాచి, దాని కొనయందు పెట్టెను అమర్చుదురు. క్రింద గుంజ లేదు గనుక హిమపు బండి పార పెట్టె క్రిందుగా సాగి నేలను శుభ్రము చేయగలదు. ఆ చేతికి కీలు గూడ అమర్చినచో, హిమము వచ్చి తాకినపుడు పెట్టె విరుగక ప్రక్కకు తిరిగిపోవును. కొంచెము వాలుగా బిగించిన దొడ్డితలుపు త్రోసి విడిచినచో తనంత తానే మూసికొనునట్లు, పెట్టె గూడ తిరిగి తనచోటికి వచ్చును. మిన్నెసోటా రాష్ట్రపు రవాణాశాఖవారు ఇట్టి గుంజలనే వాడుడని ప్రజలకు చెప్పుచున్నారు. ఎదిరించి నిలుచు గుంజ కంటె వంగి మరలి వచ్చు గుంజ మేలన్నమాట.

మూడవది పెట్టె ముందరి నేల. దినదినము బండిచక్రము ఒకేచోట ఆగుటచే అచట గుంట పడును. గుంటలో నీరు నిలుచును. నీరు శీతకాలమున గడ్డకట్టి జారుడగును. దానిని కంకరతో నింపి, బాటమట్టమునకు తెచ్చుటయే నివారణము. ఇవిగాక, తలుపు కీలు బిగుసుకొనకుండ అప్పుడప్పుడు నూనె వేయుట, మసకవెలుతురులో కనబడునట్లు వెలుగు తిరిగి కొట్టు పట్టీని గుంజకు అంటించుట, ఎండకాలమున చుట్టునున్న తీగలను నరకి, లోపల కందిరీగలు గూడు పెట్టకుండ చూచుట మొదలగునవి కలవు. వీనిలో ఒక్కటియు గొప్ప ధనముతో గూడిన పని కాదు.

ఇంత చిన్న పనికి ఇంత చర్చ యెందుకని కొందరు అడుగవచ్చును. ఆ బాటల ప్రక్క ఒంటరిగా నివసించు వృద్ధులు కలరు. యుద్ధములలో పనిచేసి విశ్రాంతి పొందిన సైనికులకు ఆ ప్రభుత్వము ఇచ్చు మందులలో అధికభాగము తపాలాలోనే వచ్చును. పెట్టె ముందర హిమము పేరుకొన్న దినమున ఆగిపోవునది కుశలవార్త మాత్రమే కాదు, గుండెజబ్బు మాత్ర గూడ కావచ్చును. పార పట్టలేని ముదుసలి పెట్టె ముందరి హిమమును పొరుగింటి పడుచువాడు తన పెట్టెతో బాటు త్రవ్వివేసినచో, ఆ పది నిమిషముల పని ఒక వైద్యుని పనితో సమానము. నడువలేని వారు వైద్యుని పత్రము చూపి కోరినచో, పెట్టెదాక రానక్కరలేకుండ ఇంటి గుమ్మము దగ్గరకే ఉత్తరము తెచ్చియిచ్చు వెసులుబాటు గూడ అచటి తపాలాశాఖలో కలదు. దేహము సహకరింపనపుడు దూరమును తగ్గించుటయే న్యాయము.

తెలుగు పల్లెలలో ఏర్పాటు వేరు. ఇచట వచ్చిన ఉత్తరమును పోస్టుమాను ఇంటికే తెచ్చియిచ్చును. బాట ప్రక్కనుండు ఎఱ్ఱపెట్టె ఉత్తరము వేయుటకు మాత్రమే. ఇచట హిమము లేదు. దానికి బదులు బురద కలదు. నైరృతి వానలు జూను మొదలు సెప్టెంబరు వరకును, ఈశాన్యపు వానలు ఆ తరువాతను కురియును. తీరమున తుఫానులు అదనము. నల్లరేగడి నేలలో ఒక్క వాన చాలును, చెప్పు నేలకు అంటుకొని పోవుటకు. కుశలప్రశ్నలు నేడు చేతిలోని ఫోనులోనే జరిగిపోవుచున్నవి, నిజమే. అయినను బ్యాంకు కార్డు, ఆధారు కార్డు, ఉద్యోగపు పిలుపు, కోర్టు కాగితము ఇంకను తపాలాలో వచ్చుచునే యున్నవి. పరీక్షకు పిలుపు ఒక్కదినము ఆలస్యమైనను ఒక పడుచువాని సంవత్సరము వ్యర్థము కాగలదు.

ఇచట పెట్టె తపాలాశాఖవారిది. దానిని ఊరివారు కదల్చరాదు, మార్చరాదు. పెట్టెను చూరు క్రిందికి గాని, మెరక చోటికి గాని మార్పించవలెనన్నచో నలుగురు చేవ్రాళ్లు చేసి అర్జీ పంపుకొనవచ్చును. కాని పెట్టె ముందరి నేలను బాగుచేయవలదని ఎవ్వరును అనరు. ఒక బండి కంకర, రెండు బండరాళ్లు, నీరు పోవుటకు జానెడు కాలువ, సంవత్సరమునకు రెండుసార్లు ముండ్లకంపను నరకుట, ఇంతే. అట్లే ప్రతి ఇంటిముందర వీథిగుమ్మము దగ్గర నీరు నిలువకుండ చూచుకొనుటయు, గోడపై ఇంటి సంఖ్య కనబడునట్లు వ్రాయించుటయు, పోస్టుమాను వచ్చువేళకు కుక్కను కట్టివేయుటయు గృహస్థుని ధర్మములు. వానలో తడిసి వచ్చినవానిని అరుగుపై కూర్చుండబెట్టి మంచితీర్థ మిచ్చుట తెలుగువారికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంక గ్రంథాలయపు మాట. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. డెల్టా బాటలు వానకాలమున బురద. కాని కాలువ ప్రవహించుచునే యుండును. బాట మూసికొన్నచోట నీటినే బాటగా చేసి పుస్తకములను గట్టునకు చేర్చిరి. పాఠకుడు రాలేకపోయినచో పుస్తకమే పోవలెనన్న బుద్ధి అది. పల్లెలకు ఉత్తరమును పంపవలెనన్న బుద్ధియు అదియే.

ఇరువదియైదేండ్లలో గ్రంథాలయము బీరువాలు నింపుకొన్నది, పట్టికలు వ్రాసికొన్నది. బీరువాకును పాఠకునికిని నడుమ గూడ నాలుగడుగుల నేల కలదు. మెట్లు ఎక్కలేని ముసలివారు, చీకటిపడిన పిదప గాని పొలమునుండి రాలేని కూలివారు, పదిమంది పురుషులు కూర్చున్నచోటికి రావడానికి జంకు స్త్రీలు ఆ నేలకు ఆవలివైపున నిలిచియున్నారు. పుస్తకములు వారికై లేకపోలేదు, చేతికందకున్నవి. వారానికి ఒకసారి సంచిలో పది పుస్తకములు వేసికొని వారి గుమ్మముల దగ్గరకు పోవు యువకుడొకడు దొరికినచో, ఈ రజతోత్సవమునకు అంతకంటె మంచి జ్ఞాపకచిహ్నము లేదు.

సభ్యులు ఇండ్లకు పోవునపుడు త్రోవలో ఎఱ్ఱపెట్టె దగ్గర ఒక్క నిమిషము ఆగి, దాని ముందరి నేలను చూతురు గాక. గుంట యున్నచో రేపు ఉదయము ఒక తట్ట మన్ను వేయుదురు గాక. వాన వచ్చువరకు వేచియుండ పనిలేదు.

స్వస్తి.