ఒక్క గోల్ దూరంలో ఉజ్బెకిస్తాన్

2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి, గుర్తుందా? ఫుట్‌బాల్ ఫైనల్లో మనవాళ్లు 1-0తో ఓడి వెండి పతకంతో సరిపెట్టుకున్నారు. బంగారం ఎగరేసుకుపోయింది ఉజ్బెకిస్తాన్. ఆ దేశ రాజధాని తాష్కెంట్ అంటే లాల్ బహదూర్ శాస్త్రిగారు కన్నుమూసిన ఊరు అన్నంత వరకే మనలో చాలామందికి తెలుసు. ఆ ఊరి ఫుట్‌బాల్ పిచ్చి గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్లూ ఉజ్బెకిస్తాన్‌కు దేశం పేరుతో ఆడే జట్టు లేదు. జనం గుండెలకు హత్తుకున్నదల్లా తాష్కెంట్ క్లబ్బు పఖ్తకోర్. అంటే పత్తి రైతు. అక్కడి పొలాల్లో ముఖ్యమైన పంట పత్తే మరి. 1956లో పుట్టిన ఈ క్లబ్బు తప్ప మరో ఉజ్బెక్ క్లబ్బేదీ సోవియట్ అగ్రశ్రేణి లీగ్‌లో ఆడలేదు.

1979 ఆగస్టు 11న ఆ జట్టు మిన్‌స్క్‌లో మ్యాచ్ ఆడడానికి విమానమెక్కింది. ఉక్రెయిన్ గగనతలంలో, ద్నిప్రోజెర్జిన్‌స్క్ దగ్గర, మరో విమానాన్ని ఢీకొంది. కింద నుంచి దారి చూపాల్సిన వాళ్ల పొరపాటు. రెండు విమానాల్లో కలిపి 178 మంది చనిపోయారు. వాళ్లలో 17 మంది పఖ్తకోర్ వాళ్లు. మిఖాయిల్ అన్, 1976 ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన వ్లదిమీర్ ఫ్యోదరోవ్ ఆ 17 మందిలో ఉన్నారు. కోచ్ ఒలెగ్ బాజిలేవిచ్ ఆ విమానం ఎక్కలేదు గనుక బతికిపోయారు. మిగతా క్లబ్బులు తలా ఒక చెయ్యి వేసి ఆటగాళ్లను పంపాయి. మూడేళ్లపాటు ఏ స్థానంలో ఉన్నా పఖ్తకోర్‌ను కింది లీగ్‌కు దించకూడదని తీర్మానించారు. ఖాళీ అయిన జట్టును మళ్లీ నిలబెట్టుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1992 జూన్‌లో ఉజ్బెకిస్తాన్ జట్టు దుషాంబేలో తజికిస్తాన్‌తో తొలి మ్యాచ్ ఆడింది, 2-2తో డ్రా. ఆ తర్వాత రెండేళ్లకే హిరోషిమా ఆసియా క్రీడలు. ఈ కొత్త జట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సెమీస్‌లో దక్షిణ కొరియా దాడి మీద దాడి చేసింది కానీ గోల్ పడలేదు. ఇటు అజామత్ అబ్దురైమోవ్ దూరం నుంచి తన్నిన బంతి కొరియా గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి లోపలికి వెళ్లిపోయింది. అంతే, 1-0. ఫైనల్లో చైనాను 4-2తో ఓడించి స్వర్ణం గెలిచారు.

అప్పటి కోచ్ రుస్తం అక్రమోవ్‌ను మరుసటి ఏడాది మనవాళ్లే పిలిపించుకున్నారు. కుర్రాడైన బైచుంగ్ భూటియాను భారత జట్టులోకి తీసుకున్నది ఆయనే. 1996 ఫిబ్రవరిలో మన జట్టు ఫిఫా ర్యాంకుల్లో 94వ స్థానానికి చేరింది ఆయన హయాంలోనే. ఆ తర్వాత అంత పైకి మనం ఎప్పుడూ పోలేదు.

ఇంత ఘనంగా మొదలుపెట్టిన జట్టుకు ప్రపంచకప్ మాత్రం అందలేదు. అందకపోవడంలో కూడా వాళ్లది ఒక వింత జాతకం.

2005 సెప్టెంబరులో తాష్కెంట్‌లో బహ్రెయిన్‌తో ప్లేఆఫ్ జరిగింది. ఉజ్బెక్‌లు 1-0తో ముందున్నారు. మొదటి సగంలోనే పెనాల్టీ దొరికింది. సెర్వర్ జెపరోవ్ గోల్ కొట్టేశాడు. అయితే అతను తన్నకముందే తోటి ఆటగాడొకడు పెనాల్టీ గీత దాటి లోపలికి వచ్చాడు. అలాంటప్పుడు పెనాల్టీ మళ్లీ కొట్టించాలి. జపాన్ రెఫరీ అలా చేయకుండా బంతిని బహ్రెయిన్‌కు ఫ్రీకిక్‌గా ఇచ్చేశాడు. మ్యాచ్ 1-0తోనే ముగిసింది. గెలిచారు కదా, ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. రెఫరీ తప్పు చేశాడు కాబట్టి తమకు 3-0 విజయం రాయాలని ఫిఫాకు అర్జీ పెట్టారు. తప్పు జరిగిన మాట నిజమేనని ఫిఫా ఒప్పుకుంది. ఒప్పుకుని, మ్యాచ్ మొత్తాన్నే రద్దు చేసి మళ్లీ ఆడమంది! రెండోసారి తాష్కెంట్‌లో 1-1. బహ్రెయిన్‌లో 0-0. ప్రత్యర్థి గడ్డ మీద కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకు పోయింది. చేతిలో ఉన్న గెలుపు అర్జీతో పోగొట్టుకున్న జట్టు ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. అప్పటి కోచ్ బాబ్ హౌటన్ కూడా మరుసటి ఏడాదికి మన జట్టు దగ్గరికే చేరాడు, అది వేరే కథ.

2013 అర్హత పోటీల్లో మరో దెబ్బ. సియోల్‌లో కొరియా చేతిలో సెల్ఫ్ గోల్‌తో 1-0 ఓటమి. ఆఖరి మ్యాచ్‌లో ఖతార్‌ను 5-1తో చిత్తు చేశారు. అయినా కొరియాకూ వీళ్లకూ సమానంగా 14 పాయింట్లే. గోల్స్ తేడా చూస్తే కొరియాకు 6, వీళ్లకు 5. ఆ ఒక్కటే! తర్వాత జోర్డాన్‌తో ప్లేఆఫ్‌లో పెనాల్టీల దాకా వెళ్లి 9-8తో ఓడారు.

పెద్దవాళ్ల జట్టు ఇలా గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తుంటే, పిల్లల జట్లు మాత్రం గెలుస్తూ వచ్చాయి. 2012లో అండర్-16 ఆసియా కప్. 2018లో చైనాలో, మంచు కురుస్తుండగా, అదనపు సమయం చివర్లో వియత్నాంను ఓడించి అండర్-23 కప్. 2023లో తాష్కెంట్‌లోనే అండర్-20 కప్. నన్నడిగితే అసలు కథ ఇక్కడుంది. అదృష్టాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా కుర్రాళ్లను తయారు చేసుకున్నారు. ఆ అండర్-20 జట్టులో ఆడిన అబ్దుకోదిర్ ఖుసనోవ్‌ను 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీ కొనుక్కుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి ఉజ్బెక్ అతనే.

అదే ఏడాది జూన్ 5న అబుదాబిలో యూఏఈతో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు. గోల్‌కీపర్ ఉత్కిర్ యూసుపోవ్ గోల్ పడనివ్వలేదు. 0-0. మధ్య ఆసియా దేశాల్లో ప్రపంచకప్‌కు అర్హత సాధించిన మొదటి జట్టు ఉజ్బెకిస్తాన్ అయింది. కోచ్ తిమూర్ కపాద్జే, 2002 నుంచి 2015 దాకా అదే జట్టుకు 119 మ్యాచులు ఆడినవాడు, ఆ నిరాశల కాలమంతా లోపలి నుంచి చూసినవాడు.

అక్టోబరులో ఆయన స్థానంలో ఇటలీ నుంచి ఫాబియో కన్నవారోను తెచ్చారు. గెలిపించినవాణ్ణి పక్కన పెట్టడం నాకైతే నచ్చలేదు. కన్నవారో మాత్రం సామాన్యుడు కాదు. 2006లో, ఆ పెనాల్టీ గొడవతో ఉజ్బెక్‌లు పోగొట్టుకున్న ప్రపంచకప్‌లో, ఇటలీ కెప్టెన్‌గా కప్పు ఎత్తింది ఆయనే.